ఎర్ర పోగు కట్టిన పొదలు

కొండ కింద ఆడవాళ్ళందరూ చుట్టూ చేరి నిలదీస్తే ఖాతూన్‌బీ "ముడి నాదే" అని ఒప్పుకుంది. ఆ ముడి ఎవరి మాట నమ్మి వేసిందో మాత్రం ఎందుకు చెప్పలేదు?

ఈ ప్రశ్నకు ఇంతవరకూ జవాబు దొరకలేదు. భయమనుకుందామంటే, మేకపిల్లను నోట కరుచుకున్న నక్కను చీపురుకట్టతో తరిమిన మనిషి ఆమె. మొహమాటమనుకుందామంటే, బేరమాడకుండానే సీతాఫలం విప్పుకుని తిన్న పెద్దమనిషిని హిందూపురం సంత నడిమధ్యలో నిలబెట్టి కడిగేసిన నోరు అది. ప్రేమ అని సరిపెట్టుకోవచ్చు గానీ, ఆ తర్వాత జరిగింది చూస్తే ఆ మాటా నిలవదు.

ఖాతూన్‌బీ పుట్టింది తాడిమర్రి పక్క పల్లెలో. పెళ్ళయి పెనుకొండకు వచ్చింది. భర్త ఇమాం సైకిలు మీద దూదిమూట వేసుకుని ఊరూరా పరుపులు కుట్టేవాడు. స్పాంజి పరుపులు వచ్చి ఆ పని పడిపోయింది. కొన్నాళ్ళకు మనిషీ పోయాడు. కూతురు షహీన్‌ను ధర్మవరంలో ఇచ్చారు. ఆ పిల్ల అక్కడ మగ్గాల ఇళ్ళలో పట్టు కండెలు చుడుతుంది. ఖాతూన్‌బీకి మిగిలినవి నాలుగు మేకలు, వాకిలి తీస్తే ఎదురుగా కొండ.

చూడ్డానికి వచ్చేవాళ్ళకు కొండ అంటే కోట, బురుజులు, పైనుంచి తీసుకునే ఫోటోలు. ఖాతూన్‌బీకి కొండ అంటే పొదలు. పొద కింద ఏముందో ఆమెకు కావాలి.

లేనిదాన్ని కుందేటి కొమ్ము అంటుంది లోకం. పెనుకొండలో ఆ పేరు గల మొక్క ఉంది, దాన్ని గంపలో పెట్టుకుని అమ్ముతారు కూడా. బలుసు పొదో రేగు పొదో ముళ్ళు కప్పుకుని ఉన్నచోట, దాని నీడన, రాళ్ళ సందులో వేలెడు లావు కాడలు నిటారుగా లేస్తాయి. ఆకులుండవు. పేరుకు లేత కొనల మీద పొలుసుల్లాంటివి కొన్ని వచ్చి రాలిపోతాయి. ఆకు చేయాల్సిన పనంతా కాడే చేసుకుంటుంది. కాడకు నాలుగు పలకలు. రంగు కాస్త బూడిద, కాస్త పచ్చ, ఎండ తగిలిన వైపు వంగపండు చాయ. వాన లేని నెలల్లో పాత మోకులా ముడుచుకుపోయి ఉంటుంది. కళ్ళెదుటే ఉన్నా కనబడదు. ఒక్క మంచి వాన పడిందంటే పురిటి నుంచి లేచిన పిల్లలా ఒళ్ళు చేస్తుంది. చుట్టరికం జిల్లేడుతోనే అయినా, తుంచితే పాలు కారవు, నీళ్ళే కారతాయి.

వానలు వెనకబట్టే వేళకు కాడ కొన సన్నబడుతుంది. అక్కడ చిటికెన గోరంత పూలు తలవంచుకుని వేలాడతాయి. ముదురు వంగపండు రంగు మీద పసుపు చారలు, అంచు పొడుగునా సన్నని నూగు. చెట్టుమీద ఆకు కదలని మధ్యాహ్నం కూడా ఆ నూగు వణుకుతూనే ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నిలవ మాంసం వాసన. అందుకే ఆ పక్కకు తేనెటీగ రాదు, ఈగ వస్తుంది. దీని పుప్పొడి పొడిగా రాలేది కాదు. రెండు చిన్న మూటలు కావడి కట్టినట్టు జంటగా ఉంటాయి. ఆ కావడి ఈగ కాలికి తగులుకుని ఇంకో పువ్వు దాకా ప్రయాణం చేస్తుంది. ఆ ప్రయాణం కుదిరితే కాయలు కాస్తాయి, జంటగా, అచ్చం కొమ్ముల్లా. అవి ఎండి పగిలితే ప్రతి గింజకూ పట్టు కుచ్చు ఉంటుంది. గాలికి ఎగిరి ఏ ముళ్ళపొదకో తగులుకున్న గింజ బతుకుతుంది. బట్టబయలు ఎండలో పడింది మాడిపోతుంది.

కాలేజీ పుస్తకాల్లో దాని పేరు కరల్లుమా. కొండ కింది ఆడవాళ్ళకు ఆ పేరుతో పనిలేదు. పుల్లగా, కాస్త ఉప్పగా, చివర్న చేదుగా ఉండే ఆ కాడను శనక్కాయలతో నూరి సంగటిలోకి ఊరిమిండి చేస్తారు. మేకలు తోలుకుపోయేవాళ్ళు పచ్చిదే నములుతారు. ఒక కాడ నమిలి నీళ్ళు తాగితే పొద్దు వాలేదాకా ఆకలి తెలియదు. కరువు రోజుల్లో ఆ గుణమే కడుపు కాసింది. ఇప్పుడు అదే గుణం పట్నాల్లో ఒళ్ళు తగ్గాలనుకునేవాళ్ళకు కావలసి వచ్చింది.

దాన్ని కోయడానికి ఒక కట్టుబాటు ఉండేది. కొడవలితో కోయాలి, పెరకరాదు. బెత్తెడు మొదలు భూమిలో వదలాలి. పువ్వు చూసిన కాడ జోలికి పోరాదు. కోసిన పొదకు ఒక గుడ్డపీలిక కట్టాలి. ఆ పీలిక ఉన్నన్నాళ్ళూ ఇంకెవరూ అక్కడ చెయ్యి పెట్టరు. ఎండకూ వానకూ అది చివికి రాలిపోయిందంటే పొద తేరుకుందని లెక్క. ఎవరంటే వాళ్ళు కడితే నమ్మకం ఉండదని, కట్టే చెయ్యి ఒక్కటే ఉండేది. ముంగారు తొలకరి వాన పడ్డాక ఆడవాళ్ళంతా కొండ కింద చేరి, ఆ మనిషి కుడిచేతికి పసుపు రాసి ముందు నడిపించేవారు. అంతవరకూ ముడి వేసిన, పుట్టమ్మ వాళ్ళ అత్త పోయాక ఆ పసుపు ఖాతూన్‌బీ చేతికి వచ్చింది. మన కులమా మతమా అని అడిగినవాళ్ళు లేరు. ఆమె ముడి వేసిందంటే వేసినట్టే.

పక్కిల్లు కుళ్ళాయమ్మది. గూగూడులో కుళ్ళాయి పీరుకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు. రెండిళ్ళకూ గోడ ఒకటే. ఇటు తాలింపు వేస్తే అటు తుమ్ము వినబడుతుంది. ఖాతూన్‌బీ కంటే ఆమె కొన్నేళ్ళు చిన్న. కొండకు ఇద్దరూ జంటగానే పోయేవారు.

"చేతికి పసుపు రాసినామని కొండంతా నీదే అనుకుంటాండావక్కా," అనేది కుళ్ళాయమ్మ.

"నాది గాక నీ మొగునిదా?"

"ఆయప్పకు మంచం దిగేదే కష్టము. కొండ యాడిది?"

కుళ్ళాయమ్మ కొడుకు ప్రవీణ్ సగం పెరిగింది ఖాతూన్‌బీ ఇంట్లోనే. వాడు డిగ్రీ చదివి, కొన్నాళ్ళు ఊరికే తిరిగి, హిందూపురంలో మూలికలు ఎండబెట్టి పొడి చేసే ఒక షెడ్డులో కుదురుకున్నాడు. ఒక ఆదివారం బండి మీద వచ్చి, తల్లి ఇంట్లోకి పోకముందే ఖాతూన్‌బీ వాకిట్లో కూర్చున్నాడు.

"పెద్దమ్మా, మా కంపెనీవాళ్ళు కుందేటి కొమ్ములు కొంటాండారు. ఈ కొండ సంగతి బయటోళ్ళకు తెలిసేలోపల మనమే మంచి పొదలకు గుర్తు పెట్టుకుంటే, వాటికి కంచె ఏపిస్తా. కోసేది మన ఆడోళ్ళే. కూలీ మన ఊర్లోనే ఉంటాది."

"కోయని పొదకు గుడ్డ యాడన్నా కడతారేమిరా?"

"గుడ్డ కట్టేది ఎందుకు? ఎవురూ ముట్టకుండా ఉండేదానికే గదా. ఇదీ అంతే."

ఖాతూన్‌బీ ఆలోచించింది. వాడు చెప్పింది తప్పని తోచలేదు.

"మీ అమ్మకు చెప్పినావా?"

"అయిపోనీ, చెప్దాము. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. రేపు పొద్దునకు ఊరంతా తెలుస్తాది."

అది నిజమే కాబట్టి ఖాతూన్‌బీ నవ్వింది. కంచె వేసేదాకా గుర్తు నిలవాలి. గుడ్డ అయితే చివికిపోతుంది. ధర్మవరం పోయి, షహీన్ పనిచేసే ఇంట్లో మగ్గం కింద మిగిలిన ఎర్ర పట్టుపోగులు ఒక సంచెడు తెచ్చుకుంది. ఆ ముంగారులో కొండ ఈ చెరగు నుంచి ఆ చెరగు దాకా ఒక్కతే తిరిగి, కుందేటి కొమ్ములు బాగా ఉన్న ప్రతి పొదకూ పోగు కట్టింది. ముళ్ళు గీరి చేతులు కందిపోయాయి.

"ఇన్ని ముడులేందక్కా?" అని అడిగింది కుళ్ళాయమ్మ.

"ఈ యేడు కొండను పండుకోనీ. అంతా మంచికే."

కుళ్ళాయమ్మ మళ్ళీ అడగలేదు. మిగతా ఆడవాళ్ళూ అడగలేదు. ఆ ఏడు ఎవరూ కొడవలి ఎత్తలేదు. గంప ఎత్తుకుని పోతే వచ్చే నాలుగు దుడ్లు పోయినా, ఊరిమిండి నోటికి అందకపోయినా, ముడి ఉంది కదా అని ఊరుకున్నారు.

పూలు వచ్చి, కాయలు ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు బయటి ఊర్ల నుంచి కూలీలు ట్రాక్టర్లలో వచ్చారు. కోట వెనక వాలు నుంచి ఎక్కారు. మేకలు తోలుకుపోయిన ఎదురింటి సుకన్య చూసి, రొప్పుకుంటూ కిందికి వచ్చి చెప్పేసరికి వాళ్ళ పని అయిపోయింది. ఆడవాళ్ళంతా పైకి పోయి చూశారు. పొద పొదకూ గుంట. కుందేటి కొమ్ములను వేర్లతో సహా ఎత్తుకుపోయారు. విరిగిన పూలు మట్టిలో తొక్కి ఉన్నాయి. పొదల మీద ఎర్ర పోగులు మాత్రం చెక్కు చెదరలేదు. అంత పెద్ద కొండలో వెతుక్కునే పనే లేకుండా, ఎర్రగా కనబడిన చోటికల్లా పోయి తవ్వుకున్నారు. ఇంకో పొదను ఎవరూ ముట్టలేదు.

దిగి వచ్చాక పుట్టమ్మ, కొండ కింద బండ దగ్గర, ఖాతూన్‌బీ ముందు ఒక ఎర్ర పోగు పెట్టింది.

"ఏంమ్మే, ఇది ఎవురి ముడి?"

"ముడి నాదే."

"ఎవురు కట్టమన్యారు?"

ఖాతూన్‌బీ ఆ పోగు తీసుకుని వేలికి చుట్టుకుంది.

"మేము ఒక్క కాడ కోయకుండా కూర్చుంటిమి, నీ ముడిని చూసి. వాళ్ళకు దారి చూపించినట్ల కట్టిపెట్టినావే. మా అత్త చేతి పసుపు నీకు రాసినందుకా?"

"దుడ్లు బాగానే ముట్టినాయేమో," అని సుకన్య గొణిగింది.

ఖాతూన్‌బీ కుళ్ళాయమ్మ వైపు చూసింది. ఆ చూపులో ఏముందో కుళ్ళాయమ్మకు అప్పుడు తెలియదు. ఆమెకు తెలిసింది ఒక్కటే: పక్కనే నడిచి, పక్కనే తిని, ఇంత పని చేస్తూ తనకు ఒక్క మాట చెప్పలేదు. "అంతా మంచికే" అని నోరు మూయించింది.

"నా పక్కనే ఉండి కడితివి గదక్కా," అంది. "నాకు చెప్పేదానికి నోరు రాలేదా? నేను ఏమని నమ్మితిని నిన్ను?"

ఖాతూన్‌బీ కొంగు తల మీదికి లాక్కుంది. ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆ రోజు నుంచి రెండిళ్ళ మధ్య గోడ గోడ అయింది.

కొన్నాళ్ళకు ప్రవీణ్‌కు ఒంట్లో బాగులేదని తెలిసి, కుళ్ళాయమ్మ గసగసాల పొడి, చింతకాయ పచ్చడి మూటగట్టుకుని హిందూపురం బస్సెక్కింది. షెడ్డు ముందు సిమెంటు కళ్ళంలో ఆకులు, వేర్లు, బెరడు వేరువేరు కుప్పలుగా ఎండుతున్నాయి. ఒక కుప్ప ముందు ఆమె కాళ్ళు ఆగిపోయాయి. నాలుగు పలకల కాడలు, ఎండి మోకులై, మట్టివేర్లతో ఉన్నాయి. పెరికేటప్పుడు పొదనుంచి ఊడి వచ్చినట్టుంది, ఒక కాడకు ఎర్ర పట్టుపోగు చుట్టుకుని ఉంది.

కొడుకు వచ్చి పక్కన నిలబడ్డాడు. చాలాసేపు అదీ ఇదీ మాట్లాడాడు. తల్లి ఆ కుప్ప మీద నుంచి కన్ను తీయలేదు.

"నేను కోస్తారనుకున్యా అమా," అన్నాడు చివరికి. "పెరుకుతారనుకోలేదు. కాంట్రాక్టు తీసుకున్నోడు తూకానికి తీసుకున్యాడు. వేరుతో పాటు అయితే తూకం వస్తాది గదా."

"ఖాతూనక్కకు చెప్పింది నువ్వేనా?"

"కంచె ఏపిస్తానని చెప్పినా. అడిగినా కూడా ఆఫీసులో. వాళ్ళు నవ్వినారు."

"నవ్వినాక వచ్చి చెప్పలేదే, ఆ పోగులు ఇప్పేయమని."

ప్రవీణ్ నేల చూశాడు. "అప్పుడే నన్ను సూపర్‌వైజరు చేసినారు," అన్నాడు.

తిరుగు బస్సులో కుళ్ళాయమ్మకు కిటికీ బయట ఏమీ కనబడలేదు. కొడుకు ఆ మనిషిని మోసం చేశాడు. తను నలుగురి ముందు ఆ మనిషిని అడగరాని మాట అడిగింది. ఇందులో ఏది ముందు కడుగుకోవాలో, ఏది కడిగితే పోతుందో తెలియలేదు.

ఇంటికి పోకుండా నేరుగా ఖాతూన్‌బీ వాకిట్లోకి పోయింది. గుమ్మం పక్కన నీడలో ఒక చేట, చేటలో కుందేటి కొమ్ముల తుంటలు వరసగా పరిచి ఉన్నాయి. కూలీలు తొక్కి వదిలేసినవాటిని ఖాతూన్‌బీ ఏరుకొచ్చింది. తుంచిన వెంటనే నాటితే కుళ్ళిపోతుంది. కొన్నాళ్ళు నీడన ఉంచి, తెగిన మొదలు ఎండి గట్టిపడ్డాక మట్టిలో గుచ్చితే వేరు తొడుగుతుంది. ఒక్కొక్కదాన్ని తిప్పి మొదలు చూస్తూ కూర్చుని ఉందామె.

"అక్కా, హిందూపురం పొయ్యొచ్చినా. వాడే అంట గదా."

ఖాతూన్‌బీ ఇంకో తుంట తిప్పి చూసింది.

"ఎందుకు చెప్పలేదక్కా ఆ పొద్దు? నేను అన్ని మాటలంటాంటే ఎట్ల ఓర్చుకుంటివి?"

"వానికి జరం తగ్గిందా?"

"తగ్గింది."

"చింతకాయ పచ్చడి ఎత్తుకొని పోయినావా? నోరు చప్పగా ఉంటాది జరానికి."

కుళ్ళాయమ్మ ఏడ్చింది. ఖాతూన్‌బీ లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎదురుగా కూర్చుని, ఆమె తాగేదాకా ఉంది.

"ఇంగ ఈ సంగతి నీకు తెలిసింది," అంది. "నాకు తెలిసింది. నీకేం తోస్తే అది చెయ్యి కుళ్ళాయీ."

"ముంగారుకు అందరూ చేరతారు గదక్కా. ఆడనే చెప్తా. పుట్టమ్మ ముందరే చెప్తా."

ఖాతూన్‌బీ మళ్ళీ చేట దగ్గరికి పోయి కూర్చుంది. ఆ ఎండాకాలమంతా ఒక్కతే కొండెక్కి, గుంటలు పూడ్చి, పొదల నీడన ఆ తుంటలు గుచ్చుకుంటూ తిరిగింది. దారిలో ఎదురైన ఆడవాళ్ళు పక్కకు తొలగేవారు. "ఇంగేం మిగిలిందని పోతాండాది," అని వెనక నుంచి ఎవరో ఒకరు అనేవారు. కుళ్ళాయమ్మ విన్నప్పుడల్లా, ముంగారు రానీ అనుకునేది.

ఈలోగా ప్రవీణ్‌కు సంబంధం కుదిరింది. పిల్ల సుకన్య తమ్ముని కూతురు. పుట్టపర్తిలో ఆస్పత్రిలో నర్సు. వెతికితే దొరకని సంబంధం. "అల్లుడు సూపర్‌వైజరంట," అని సుకన్య వీధంతా చెప్పుకుంది. తాంబూలాలు పుచ్చుకునే రోజు ఖాతూన్‌బీని పిలవాలా వద్దా అని కుళ్ళాయమ్మ గుమ్మం దాకా పోయి, సుకన్య ఎదురింటి నుంచి చూస్తోందని వెనక్కి వచ్చేసింది.

ముంగారు వాన పడింది. తెల్లారి ఆడవాళ్ళు బండ దగ్గర చేరారు. పిలవకపోయినా ఖాతూన్‌బీ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. అందరికీ కాస్త ఎడంగా నిలబడింది. పుట్టమ్మ పసుపు కలిపిన గిన్నె పట్టుకుని అందరినీ చూసింది.

"ఈసారి పసుపు సుకన్య చేతికి రాయాలనుకుంటాండాము. ఎందుకో మీకందరికీ తెలుసు. ఎవురికన్నా మాట ఉంటే ఇప్పుడే చెప్పండమ్మా. ఇంటికి పోయినాక గొణుక్కుంటే లాభం లేదు."

ఖాతూన్‌బీ కుళ్ళాయమ్మ వైపు చూసింది. బతిమాలే చూపు కాదు. సంతలో తూకం వేసేటప్పుడు ముల్లు ఆగేదాకా చూస్తుందే, అట్లా ఓపిగ్గా చూసింది.

కుళ్ళాయమ్మకు గొంతు దాకా మాట వచ్చింది. నా కొడుకే కట్టించినాడు అనే మూడు ముక్కలు. పక్కనే సుకన్య, కొత్త వియ్యపురాలి చనువుతో ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడి ఉంది. ఆ చెయ్యి బరువుగా ఉంది. ఈ మాట బయటపడితే ఆ చెయ్యి తీసేస్తుంది, సంబంధం పోతుంది, వాని ఉద్యోగం సంగతి తెలిసి నలుగురూ తుపుక్కున ఉమ్ముతారు. రేపు చెప్తాను, పుట్టమ్మకు ఒక్కదానికే చెప్తాను, పెళ్ళి కానీ అనుకుంది. కొంగు సర్దుకుంది. తల వంచుకుంది.

"సరే అయితే," అంది పుట్టమ్మ.

సుకన్య కుడిచెయ్యి చాపింది. పసుపు రాస్తుండగా ఆడవాళ్ళంతా ముందుకు జరిగారు. కుళ్ళాయమ్మ తల ఎత్తి చూసేసరికి ఖాతూన్‌బీ నిలబడిన చోట లేదు. స్టేషను దారిలో పోతోంది.

కుళ్ళాయమ్మ గంప అక్కడే వదిలి వెంటబడింది. దారిలోనే ఉన్న ఖాతూన్‌బీ ఇంటి ముందు మేకలు లేవు, తలుపుకు తాళం. నిన్న సాయంత్రం మేకలు మేమే కొన్నామని పక్క వీధివాళ్ళు చెప్పారు. ఆమె స్టేషను చేరేసరికి ధర్మవరం పోయే ప్యాసింజరు వచ్చి నిలబడి ఉంది. ఖాతూన్‌బీ చంకలో సంచితో ఒక పెట్టె మెట్లు ఎక్కుతోంది.

"అక్కా, యాడికి పోతాండావు? నేను చెప్తానక్కా, ఇప్పుడే పోయి చెప్తా."

ఖాతూన్‌బీకి వినబడింది. ఎక్కుతున్న కాలు ఒక క్షణం ఆగింది. తర్వాత పైకెక్కి, లోపలికి నడిచి, ప్లాట్‌ఫారం వైపు కిటికీ పక్కన సీటు ఖాళీగా ఉన్నా, అవతలి వైపు పోయి కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్నామె ఏదో అడిగితే "ధర్మవరం" అని చెప్పింది.

ఎంత కోపంలోనైనా ఆ ఊళ్ళో గడప దాటే మనిషి "పొయ్యొస్తా" అనకుండా కదలదు. రైలు కదిలింది. ఖాతూన్‌బీ ఆ మాట అనలేదు, ఇటు తిరగలేదు.